పానా పట్టిన చేయి

గోదావరి మండలములలో కాలువ లేని ఊరు అరుదు. కాలువగట్టు వెంట రోడ్డు లేని ఊరు అంతకన్న అరుదు. ఆ రోడ్డు పెద్ద రోడ్డును కలిసికొనుచోట, చింతచెట్టు నీడనో రేకుల కప్పు క్రిందనో, మోటారు బండ్లు బాగుచేయు షెడ్డు ఒకటి తఱచుగా కానవచ్చును. బానెట్టు ఎత్తియున్న కారు, గోడకు చేరవేసిన పాత టైర్లు, నేలపై నూనె మరకలు, గోనెపట్టాపై వరుసగా పరచిన పానాలు, ఇవియే దాని గుఱుతులు. కారులోనికి తల వంచి పనిచేయు పెద్దవానిని మెకానిక్కు అందురు. షెడ్డులోనివారు మేస్త్రి యని పిలుతురు. మేస్త్రి అడుగకమునుపే కావలసిన పానాను అందించుచు, జాకీ ఎత్తుచు, చక్రము విప్పుచు, గ్రీజు పూయుచు నుండు యువకుని హెల్పరు అందురు. ఈ పాఠము ఆ రెండవవానిని గూర్చినది.

అతనికి పట్టా లేదు, లైసెన్సు లేదు, నెలజీతము సయితము అందఱకు ఉండదు. అయినను మన ప్రయాణములు క్షేమముగా సాగుటలో అతని పాలు చిన్నది కాదు. అతడేమి చేయును? ఎట్లు సంపాదించును? చట్టము అతనిని గూర్చి ఏమి చెప్పుచున్నది? అతడు చేయదగినదేది, చేయరానిదేది? విద్యార్థులారా, ఈ ప్రశ్నలకు సమాధానములు తెలిసికొందము.

మోటారు కారు పుట్టినది జర్మనీ దేశమున. కార్ల్ బెంజ్ అను నతడు 1886లో తన మూడుచక్రముల మోటారు బండికి పేటెంటు పొందెను. 1888లో అతని భార్య బెర్తా బెంజ్ తన కుమారుల నిద్దఱను వెంటబెట్టుకొని మాన్‌హైము నగరమునుండి ఫోర్జ్‌హైము వఱకు, సుమారు 100 కిలోమీటర్ల దూరము, ఆ బండిలో ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా ఆమె తన టోపీ సూదితో దానిని శుభ్రపఱచెను. గొలుసు చెడినపుడు ఒక కమ్మరి తోడ్పడెను. బ్రేకు దిమ్మలు అరిగినపుడు చెప్పులు కుట్టువాడొకడు వానికి తోలు తొడిగెను. ఆ కమ్మరికి గాని ఆ చెప్పులు కుట్టువానికి గాని మోటారు విద్యలో పట్టా లేదు. అట్టి పట్టా అప్పటికి లోకముననే లేదు. చేతిపని తెలిసినవాడే మోటారుబండికి మొదటి సహాయకుడయ్యెను.

మన ప్రాంతపు కథయు ఇంచుమించుగా ఇట్టిదే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాయందు కాలువలు వ్యాపించెను. చిరకాలము ధాన్యమును, కొబ్బరికాయలును, మనుష్యులును పడవలమీదనే సాగుచుండిరి. క్రమముగా రోడ్లు పెరిగెను. 1974లో రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ రోడ్డు-రైలు వంతెన తెఱవబడుటతో, ఏటి కిరువైపుల నున్న వాహనములకు రేవులో పంటు కొఱకు వేచియుండు పని తగ్గెను. 1958 నుండి 2014 వఱకు మన దేశమున తయారైన అంబాసిడరు కారును, 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 కారును పల్లెలవఱకు వచ్చెను. నేడు 16వ సంఖ్య జాతీయ రహదారి రాజమహేంద్రవరము, రావులపాలెము, తణుకు, తాడేపల్లిగూడెముల మీదుగాను, 216వ సంఖ్య రహదారి కాకినాడ, అమలాపురము, నరసాపురముల మీదుగాను సాగుచున్నవి. వాహనము వెళ్లినచోటికి దానిని బాగుచేయువాడును వెళ్లెను. కొందఱు శిక్షణాలయములలో నేర్చిరి. పెక్కుమంది షెడ్డులో పెద్దవాని ప్రక్కన నిలిచి, చూచి నేర్చిరి.

ఇట్టి హెల్పరు సంపాదన కాలమును బట్టి మాఱుచుండును. సంక్రాంతికి హైదరాబాదునుండియు ఇతర నగరములనుండియు బంధువులు కార్లలో వత్తురు. అప్పుడు షెడ్డులలో క్షణము తీరిక యుండదు. పెండ్లి ముహూర్తములు దగ్గఱపడినపుడును అంతే. వేసవిలో ఇంజనులు వేడెక్కును, టైర్లు పగులును. వానకాలమున వైపర్లు, దీపములు, బ్రేకులు చూపించుకొనువారు ఎక్కువ. అంతర్వేది, నరసాపురము వంటి తీరపు చోట్ల ఉప్పుగాలి తగిలి ఇనుము త్వరగా త్రుప్పు పట్టును గనుక అచ్చట శుభ్రపఱచు పని యెక్కువ. దాళ్వా కోతలు ముగిసి, వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో పొలముపని తగ్గును. అట్టి సమయమున కొందఱు యువకులు షెడ్డుకు వత్తురు. సార్వా ఊడ్పులకు మరల పొలమునకు పోదురు. ఇష్టమైనపుడు చేసి, పని యున్నపుడు సంపాదించు స్వేచ్ఛ దీనియందు కలదు. ఆ స్వేచ్ఛ కొక వెలయు కలదు. దానిని ముందు చూతము.

ఇక చట్టమేమి చెప్పుచున్నది? మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము బండి నడుపువానికి లైసెన్సు ఉండితీరవలెనని విధించినది గాని, ఆయిలు మార్చువానికిని చక్రము విప్పువానికిని అట్టి లైసెన్సును విధించలేదు. కారునకు గ్యాసు కిట్టు అమర్చుట వంటి కొన్ని పనులను మాత్రము అనుమతి పొందిన కేంద్రములే చేయవలెను. బెర్తా బెంజ్‌కు పట్టా లేని కమ్మరి తోడ్పడిన ఆ జర్మనీలోనే నేడు మోటారు షెడ్డు పెట్టవలెనన్న సాధారణముగా మేస్త్రి పరీక్షయందు నెగ్గియుండవలెను. మనకు అట్టి నిర్బంధము లేదు. ఇది పేదవానికి మేలు. ఏలయన పెట్టుబడి లేనివాడును పానా పట్టి బ్రతుకవచ్చును. కాని ఇందొక బాధ్యతయు దాగియున్నది. చట్టము పరీక్షింపని చోట పనివాడే తన్ను తాను పరీక్షించుకొనవలెను.

ఒక్క విషయమున మాత్రము హెల్పరు మోసపోరాదు. కారును బాగుచేయుటకు లైసెన్సు అక్కఱలేకున్నను, ఆ కారును షెడ్డునుండి రోడ్డుమీదికి నడుపుటకు లైసెన్సు కావలెను. పదునెనిమిదేండ్లు నిండనివానికి కారు లైసెన్సు రాదు. లైసెన్సు లేక నడిపినవానికిని, అట్టివానికి బండి నిచ్చినవానికిని 2019 నాటి సవరణ వలన 5,000 రూపాయల జరిమానా కలదు. నడిపినవాడు బాలుడైనచో అతని సంరక్షకునికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వఱకు జైలుశిక్షయు పడవచ్చును. "ఒక్క చుట్టు తిప్పి చూచివత్తును" అను మాట ఇంత దూరము పోగలదు.

ఇప్పుడు హెల్పరు చేయు ముఖ్యమైన పనులను, వాని వెనుకనున్న కారణములను పరిశీలింతము.

మొదటిది ఆయిలు చూచుట. కారును చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషములు ఆగవలెను. పైకెక్కిన ఆయిలు అడుగునకు దిగుటకు ఆ వ్యవధి కావలెను. పిమ్మట కొలకడ్డీని తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి తీయవలెను. దానిపై రెండు గీతలుండును. ఆయిలు ఆ రెంటి నడుమ నుండవలెను. ఆయిలు తగ్గినచో ఇనుము ఇనుముతో రాచుకొని వేడెక్కును, ఇంజను పట్టివేయును. ఎక్కువైనను చేటే, తిరుగు భాగములు ఆయిలును చిలికి నురుగు చేయును. నురుగు ఇనుమును కాపాడజాలదు.

రెండవది రేడియేటరు. ఇంజను వేడిని తీసికొనిపోవు ద్రవము ఇందుండును. నీరు సాధారణముగా 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరగునని మీరు చదివియున్నారు. మూత బిగించి పీడనము పెంచినచో అంతకు మించిన వేడి వద్దగాని మరగదు. మన ఇండ్లలోని ప్రెషరు కుక్కరు సూత్రమే ఇది. వేడిగా నున్న రేడియేటరు మూత తీసినచో పీడనము ఒక్కసారిగా తగ్గును. లోని ద్రవము భగ్గున మరిగి పైకి చిమ్మును. దీనివలన ముఖమును చేతులును కాలినవారు కలరు. కావున ఇంజను చల్లాఱువఱకు ఆ మూతను ముట్టరాదు. త్వరపెట్టు యజమానికిని ఈ మాటయే చెప్పవలెను.

మూడవది బ్యాటరీ. కారు బ్యాటరీ సామాన్యముగా 12 వోల్టులది. అందు ఆఱు గదులుండును. ఒక్కొక్క గది సుమారు 2 వోల్టుల నిచ్చును. లోపల నుండునది గంధకికామ్లము. అది చర్మమును, బట్టను, కంటిని పాడుచేయును. తీగలు విప్పునపుడు ఋణధ్రువమును మొదట విప్పవలెను. బిగించునపుడు దానిని చివర బిగించవలెను. ఏలయన సాధారణముగా ఋణధ్రువము కారు శరీరమునకు కలుపబడియుండును. ధనధ్రువమును ముందు విప్పినచో, చేతిలోని పానా పొరపాటున కారు ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. ఛార్జి అగునపుడు బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. అది నిప్పు తగిలిన ప్రేలును. అందుచేత బ్యాటరీ దగ్గఱ బీడీ కాల్చుట ప్రాణముతో చెలగాటమే.

నాలుగవది టైర్లు. ఎంత గాలి పట్టవలెనో కారు తలుపు దగ్గఱ అంటించిన పట్టికయందు వ్రాసియుండును. బండి చల్లగా నున్నపుడు కొలువవలెను. చాళ్ల నడుమ చిన్న గట్టులుండును. టైరు అరిగి ఆ గట్టులతో సమమైనచో, చాలు లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినదని అర్థము. చాలు లేని టైరు తడిసిన రోడ్డుపై నీటిని ప్రక్కకు నెట్టలేదు, బండి జాఱును. కాలువగట్టు రోడ్డుపై జాఱిన బండి ఎక్కడికి పోవునో మీకు చెప్పనక్కఱలేదు.

ఐదవది చక్రము మార్చుట. చేతిబ్రేకు వేసి, వేఱొక చక్రమునకు రాతిని అడ్డుపెట్టి, బండి నేలపై నుండగనే నట్లను కొంచెము వదులు చేయవలెను. తరువాత తయారీదారు చూపిన చోటనే జాకీ పెట్టి ఎత్తవలెను. స్టెప్నీని ఎక్కించి, నట్లను ఒకదాని ప్రక్కది కాక ఒకదాని కెదుటిది బిగించుచు పోవలెను. అప్పుడు చక్రము వంకర లేక కూర్చుండును. బండిని దించిన పిదప మరల గట్టిగా బిగించవలెను. కొంత దూరము నడచిన తరువాత నట్లు మరల చూచుకొమ్మని యజమానికి చెప్పుటయు పనిలో భాగమే. కేవలము జాకీమీద నిలిచిన బండి క్రిందికి ఎన్నడును దూరరాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. మోయుటకు వేఱుగా గట్టి ఆధారములు పెట్టవలెను.

ఈ పనులలో మంత్రమేమియు లేదు. ప్రతిదానికిని ఒక క్రమమున్నది. క్రమమునకు ఒక కారణమున్నది. కారణమెఱిగి చేయువాడు పనివాడగును. ఎఱుగక చేయువాడు ఏండ్లు గడచినను పానా అందించువాడుగనే మిగులును.

ఇక చేయరాని పనులు. బ్రేకులు, స్టీరింగు, ప్రమాదమున తెఱచుకొను గాలిసంచులు, గ్యాసు గొట్టములు, వీనిని హెల్పరు ఒంటరిగా ముట్టరాదు. బ్రేకు ద్రవమునే చూడుడు. అది చూచుటకు నూనెవలె నుండును గాని నూనె కాదు. చేతికందినదని దాని గిన్నెలో ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు బిళ్లలు ఉబ్బి చెడును. వేగముగా పోవు బండికి బ్రేకు అందదు. విద్యుత్తుతో నడచు కార్లలో నారింజరంగు తొడుగు గల తీగలుండును. వానిలో కొన్ని వందల వోల్టులు ప్రవహించును. అంబాసిడరు నాటి అనుభవము వానియెడ పనికిరాదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణముల ఇంజనులను చిన్న కంప్యూటరు నడుపును; విప్పి చూచి ఊహించుటకన్న యంత్రముతో పరీక్షించుటయే వానికి దారి.

పండుగ ముందునాడు ఒక యజమాని తొందరలో వచ్చి, "అబ్బాయీ, బ్రేకు కొంచెము వదులుగా నున్నది, నీవే చూడుము, మేస్త్రి వచ్చువఱకు ఆగలేను" అని నోటు చేత పెట్టెననుకొందము. ఆ నోటు హెల్పరునకు ఆ పూట చాల అవసరమై యుండవచ్చును. అయినను, "బాబుగారూ, బ్రేకు పని నాకు రాదండి; మేస్త్రిగారు వచ్చువఱకు ఆగండి" అని చెప్పగలవాడే నమ్మదగిన పనివాడు. ఆ కారులో యజమాని ఒక్కడే యుండడు. పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు, ఒడిలో పసిబిడ్డ కూడ ఉందురు. వారెవ్వరును ఆ హెల్పరును ఎఱుగరు. వారి ప్రాణములు మాత్రము అతడు బిగించిన నట్టుపై ఆధారపడియున్నవి. 'రాదు' అను మాటవలన ఒకనాటి కూలి పోవచ్చును. కాని, ఆ మాట చెప్పలేనివాని దగ్గఱకు రెండవమాఱు ఎవరు వత్తురు?

ఇప్పుడు సంపాదన మాట. పనిని బట్టి వచ్చు డబ్బును లెక్కించుటలో చాలమంది పొరబడుదురు. ఒకడు పనియున్న దినమున 500 రూపాయలు గడించునని ఉదాహరణకు తీసికొందము. నెలకు 18 దినములు పని దొరకినచో 9,000 రూపాయలు వచ్చును. తిండి మాత్రము ముప్పది దినములును తినవలెను గదా! 9,000ను 30చే భాగింపగా దినమునకు 300 రూపాయలే. అతని నిజమైన దినాదాయము 500 కాదు, 300. ఈ భాగహారము తెలిసినవాడు సంక్రాంతి సంపాదనలో కొంత దాచి, పని లేని దినములకు వాడుకొనును. తెలియనివాడు పండుగకు ధనికుడు, పండుగ వెళ్లిన నెలకు అప్పులవాడు. నేను ముందు చెప్పిన స్వేచ్ఛకు వెల ఇదియే.

దెబ్బ తగిలిన దినమున కూలి యుండదు. వైద్యునికి ఖర్చు మాత్రముండును. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన క్రింద, 18 మొదలు 70 ఏండ్ల వయస్సు గలవారు బ్యాంకు ఖాతాద్వారా ఏటికి 20 రూపాయలు చెల్లించి 2 లక్షల రూపాయల వఱకు ప్రమాద బీమా పొందవచ్చును. అసంఘటిత కార్మికులు తమ పేరు నమోదు చేసికొనుటకు 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ అను వ్యవస్థ ఏర్పడినది. పట్టా లేని పనివానికి ఇవి కొంత ఆసరా.

అసలు పట్టాయే సంపాదింపరాదా? తప్పక సంపాదింపవచ్చును. పదవతరగతి నెగ్గినవారికి పారిశ్రామిక శిక్షణాసంస్థలలో మోటారు వాహన మెకానిక్కు విద్య రెండేండ్లు, డీజిలు మెకానిక్కు విద్య ఒక ఏడు నేర్పుదురు. కాకినాడ, రాజమహేంద్రవరము మున్నగు పట్టణములలో ఇట్టి సంస్థలు కలవు. ఇదివఱకే పని నేర్చినవారు తమ నేర్పును పరీక్షింపించుకొని ధ్రువపత్రము పొందు మార్గమును 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కల్పించినది. చేతికి నేర్పున్నవాడు కాగితమును కూడ సంపాదించినచో, రేపు మఱియొక ఊరిలో, మఱియొక షెడ్డులో, తన్నెఱుగని యజమానియెదుట తలయెత్తి నిలువగలడు.

మీ వయస్సు వారికి ఒక మాట. పదునాలుగేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టరాదని 1986 నాటి బాలకార్మిక చట్టము, దానికి 2016లో జరిగిన సవరణ చెప్పుచున్నవి. పదునెనిమిదేండ్లలోపువారిని అపాయకరమైన పనులలో నియమింపరాదు. పానా ఎక్కడికిని పోదు. పీడనమనగా నేమి, ఆమ్లమనగా నేమి, భాగహారమెట్లు చేయవలెను, ఇవి బడిలో నేర్చి, ఆ తరువాత పానా పట్టిన చేయి రెండింతలు విలువ గలదగును.

కడపట, కాలువ సంగతి. ఒక్క చిన్నకారునుండి మూడు నుండి ఐదు లీటర్ల పాత ఆయిలు దిగును. దానిని ప్రక్కనున్న కాలువలో పోయుట సులభము. కాని మన ఊళ్లలోని మంచినీటి చెఱువులు ఆ కాలువనీటితోనే నిండును. వాడిన ఆయిలు 2016 నాటి నియమములను బట్టి ప్రమాదకరమైన వ్యర్థపదార్థము. దానిని డబ్బాలో పట్టి, శుద్ధిచేయుటకు అనుమతి గలవారికి చేరునట్లు ఇచ్చివేయవలెను. షెడ్డులో ఈ పని సాధారణముగా హెల్పరు చేతికే వచ్చును. అతడు డబ్బాను ఎటు వంచునో దానిపై దిగువనున్న ఊరి బిందెలలోని నీరు ఆధారపడియుండును.

లైసెన్సు అడుగని పని తేలికయైన పని కాదు. అడుగువాడు లేనప్పుడు సయితము నట్టును చివరి చుట్టువఱకు బిగించుట, రాని పనిని రాదనుట, పాత ఆయిలును కాలువకు కాక డబ్బాకు చేర్చుట, ఈ మూడును ఉన్నవాడు ఎంత చిన్న షెడ్డులో నున్నను పెద్ద పనివాడే. ఇకమీద రోడ్డు ప్రక్కన నూనె మరకల చొక్కాతో అట్టివాడు కనబడినపుడు అతనిని "ఒరే" యని పిలువకుడు. మీరు ఎక్కిన బండి క్షేమముగా ఇల్లు చేరుటలో అతని చేయియు కలదు.